పొట్టిదొర సమాధి

సాయంత్రం విందుకి సిద్ధంగా ఉండాలని, ఇంటి యజమాని ఇయన్ గారి గళ్ళ లంగాని సువార్తమ్మ మధ్యాహ్నమే ఇస్త్రీకి తీసింది. స్కాట్లండులో మగవాళ్ళు పండగలకి కట్టుకునే ఆ లంగాని కిల్టు అంటారు. అది ఇయన్ తాతగారిది. ఇయన్ తల్లి మోరాగ్ దాన్ని పెట్టెలో సర్దుకుని ముందురోజే మస్కట్‌లో విమానం దిగింది. పెట్టెలోంచి తీసి చూస్తే నిండా మడతలు. నలిగిన బట్టని నలిగినట్టే మనిషి చేతికివ్వడం సువార్తమ్మ డ్యూటీలో ఎన్నడూ లేదు. నీళ్ళు చిలకరించింది. ఆవిరి పట్టింది. ఒక్కో మడతనీ అరచేత్తో అదిమి, ఇస్త్రీపెట్టెతో రుద్ది సాపు చేసింది. తాతగారి నాటి మడతలు కాబట్టి మహా మొండిగా ఉన్నాయి. ఆవిడ అంతకంటే మొండి. మసీదులో సాయంత్రం నమాజుకి పిలిచే అసర్ బాంగు వినిపించే వేళకి చివరి మడత కూడా లొంగింది. నడుం దగ్గర కుట్టు ఉన్నచోట తప్ప కిందంతా గొడుగులా విచ్చుకున్న ఆ వస్త్రాన్ని హ్యాంగరుకి తగిలించి, తృప్తిగా చూసుకుని, టీ పెట్టడానికి వెళ్ళింది.

ఇయన్ దాన్ని కట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. విందుకి ప్యాంటు వేసుకుని వెళ్ళాడు.

మోరాగ్ మాత్రం వెళ్ళలేదు. కిల్టుని ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని సువార్తమ్మని పిలిచింది. "ఎందుకిలా చేశావు?" అని మెల్లగా, ఒక్కొక్క మాటా విడివిడిగా అడిగింది.

"మడతలు పడిపోయాయి మేడం. అందుకని."

డెబ్బై దాటిన ఆ ముసలావిడ చాలాసేపు సువార్తమ్మ చేతుల వంక చూసి, "ఇన్ని మడతలు విప్పాలంటే నీకెంత ఓపికుండాలో" అంది. మెచ్చుకుందో తిట్టిందో సువార్తమ్మకి తెలియలేదు. కిల్టుకి ఆ మడతలే అందమని మర్నాడు తెలిసింది. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, గళ్ళకి గళ్ళు కలుపుతూ మళ్ళీ మడతలు పెట్టారు. పెద్దావిడ మడవడం, చిన్నావిడ గుండుసూది గుచ్చి దారంతో పోటు వేయడం. స్నేహం అక్కడ మొదలైంది.

సువార్తమ్మది గోదావరి జిల్లాలో చినలంక లాకులు. లాకులంటే పడవలు ఎక్కి దిగడానికి కాలవకి అడ్డంగా కట్టిన గేట్లు. ఆ గేట్లు తిప్పే లస్కరు వాళ్ళ నాన్న. ఆయన తండ్రీ అంతే. పడవలు పోయి లారీలొచ్చాక కూడా నాన్న ఏటా ఆ గేట్లకి గ్రీజు పెట్టడం మానలేదు, ఏ క్షణాన ఏ పడవొస్తుందోనని.

ఆవిడవి పిల్లికళ్ళు. బడిలో పిల్లలు "మ్యావ్" అంటే ఇంటికొచ్చి ఏడ్చేది. అప్పుడు వాళ్ళమ్మ చెప్పిన కథ ఇది. లాకులు కట్టిన దొర ఒకాయన ఇక్కడే జ్వరంతో పోయాడు. పోతూ పోతూ తన పసికూతుర్ని పాలిచ్చే ఆయా సత్తెమ్మ చేతిలో పెట్టాడు. సత్తెమ్మ ఆ పిల్లని తన పిల్లగా పెంచి, ఊళ్ళోనే పెళ్ళి చేసింది. ఆ దొరపిల్ల కడుపున పుట్టిన తరమే మన తరం. "మ్యావన్నోడితో చెప్పు, మాది దొరగారి వంశం అని." సువార్తమ్మ చెప్పింది. మర్నాటి నించి "దొరసాని మ్యావ్" అన్నారు.

కథకి సాక్ష్యం కాలవ గట్టు మీద ఉంది. ఇటుకలూ సున్నమూ కలిసిన చిన్న సమాధి, మంచంలో సగం పొడవు. అందుచేత దొర పొట్టివాడని ఊరంతా నమ్మింది. పొట్టిదొర సమాధి అని పేరు. నవంబరులో సమాధుల పండగకి చర్చి దొడ్డిలో అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా, సువార్తమ్మ ఇంటి ఆడవాళ్ళు అదయ్యాక గట్టు మీదికి కూడా వెళ్ళేవారు. పొట్టిదొరకి రెండు పూతల సున్నం, ఓ కొవ్వొత్తి, లంక పొగాకు చుట్ట ఒకటి, సీసా మూతలో కాస్త బ్రాందీ. పొట్టివాడైనా దొర దొరే కదా, చుట్ట లేకపోతే కోపమొస్తుందని. తెల్లారేసరికి మూతలో బ్రాందీ ఉండేది కాదు. దొర తాగాడని ఆడవాళ్ళు, సువార్తమ్మ తమ్ముడు ఏసోబు తాగాడని మగవాళ్ళు అనేవారు.

పెళ్ళయిన కొన్నాళ్ళకి మొగుడు పనికని పోయి, పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. చంటిపిల్ల ఆశని తమ్ముడి భార్య చేతిలో పెట్టి సువార్తమ్మ ఒమన్ వచ్చేసింది. మొదట ఖబూరాలో ఒక ఇల్లు, తర్వాత మస్కట్‌లో ఇల్లు తర్వాత ఇల్లు. ప్రతి ఇంట్లోనూ ఒక పసివాడో పసిదో ఆవిడ భుజం మీద నిద్రపోవడం నేర్చుకుని, బడికి పోయే వయసు రాగానే తల్లిదండ్రులతో దేశం దాటిపోయేవారు. ఊళ్ళో ఆశ మేనమామ భార్యయిన అత్తని "అమ్మా" అని, కన్నతల్లిని "మస్కటమ్మా" అని పిలవడం నేర్చుకుంది. ఫోన్లో ఆ పిలుపు విన్నప్పుడల్లా సువార్తమ్మ నవ్వేది. ఏడిస్తే బాగుండదని.

ఇయన్ ఇంట్లో పాప పేరు ఐలా. పుట్టిన వారం నించీ సువార్తమ్మ చేతిలోనే. ఇప్పుడు అయిదేళ్ళొచ్చాయి. "సువా, అన్నం కావాలి, కూర వద్దు" అంటుంది చక్కగా. స్కాట్లండు దొరల ఇంట పుట్టి, మొదటిసారి కిందపడ్డప్పుడు "బాబోయ్" అన్నది ఆ పిల్లే. తల్లి కర్స్టీ దాన్ని ఏదో బైబిలు మాట అనుకుని మురిసిపోయింది.

ఇయన్‌కి రుసైల్‌లో ఫ్యాక్టరీ కంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది. అందరూ స్కాట్లండు వెళ్ళిపోతారు. ఈ సంగతి సువార్తమ్మకి ఎండాకాలం నించీ తెలుసు. తెలిసినా పక్కవిల్లాలో పనిచేసే రాజంపేట పెంచలమ్మకి కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని. ఎన్ని ఇళ్ళు వదల్లేదూ? కానీ ఈ పిల్ల తెలుగులో కలవరిస్తుంది.

మోరాగ్‌కి ఒక పిచ్చి ఉంది. చచ్చిపోయినవాళ్ళని వెతకడం. తాతల తాతలు ఎక్కడ పుట్టారు, ఏ ఓడెక్కారు, ఎక్కడ పోయారు అని కంప్యూటరులో చెట్టు గీసుకుని కొమ్మకొమ్మకీ గడులు కట్టుకుంది. ఐలా ఆ గడుల్ని ఇళ్ళంటుంది. "ఇది నాన్న ఇల్లు, ఇది నా ఇల్లు" అని తెర మీద వేలు పెట్టి చూపిస్తుంది. ఎండలు తగ్గాక ఒకరోజు పెద్దావిడ సువార్తమ్మనీ ఐలానీ పడవ ఎక్కించుకుని, సముద్రపు పాయలో కొండల మధ్య ఉన్న తెల్లవాళ్ళ పాత శ్మశానానికి తీసుకెళ్ళింది. పడవలో తప్ప వెళ్ళే దారి లేదు. ఇండియాకి పోతూ, ఇండియా నించి వస్తూ జబ్బుచేసిన నావికులూ, మతబోధకులూ అక్కడున్నారని చెప్పింది. మోరాగ్ ఒక్కో రాయి ముందూ వంగి పేర్లు చదువుతోంది. సువార్తమ్మకి ఆ రాళ్ళని చూస్తే జాలేసింది.

"వీళ్ళకి సున్నం వేసే దిక్కు కూడా లేదా మేడం? మా పొట్టిదొర నయం."

ఎవరా దొర అంటే వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. గోదావరి, కాలవ, లాకులు, జ్వరం, ఆయా, పసికూతురు. చెబుతుంటే పెద్దావిడ మెల్లగా రాయి మీద కూర్చుండిపోయింది. ఆ ఊరి పేరేమిటని అడిగింది. సువార్తమ్మ చెప్పింది. మోరాగ్ తిరిగి అదే పేరు పలికింది. మన నోటికి అసలు తిరగనట్టు పలికింది గానీ, కొత్తగా విన్న పేరులా మాత్రం పలకలేదు.

ఆ రాత్రి అన్నాల తర్వాత వంటింటి బల్ల దగ్గర మోరాగ్ చెప్పిన కథ సువార్తమ్మకి సగం మాటల్లో, సగం చేతుల్లో అర్థమైంది. మోరాగ్ ముత్తాతకి తండ్రి ఆర్చిబాల్డ్ కెర్. రాళ్ళుకొట్టేవాడి కొడుకు. కుంఫిణీ పోయి రాణీ రాజ్యం వచ్చిన కొత్త. గోదావరికి ఆనకట్ట కట్టేశారు, కాలవలూ లాకులూ ఇంకా కడుతున్నారు, రాతిపని తెలిసినవాళ్ళు కావాలి. ఉన్న ఊళ్ళో పని లేక ఆర్చిబాల్డ్ మద్రాసు ఓడెక్కాడు.

"ఆయన కఫీలెవరు మేడం?" అంది సువార్తమ్మ. వీసా ఇచ్చి పూచీ ఉండే యజమానిని ఇక్కడ కఫీలంటారు. ఆవిడ లెక్కలో కఫీలు లేకుండా మనిషి దేశం దాటడం జరగని పని.

మోరాగ్ ఆలోచించి, "రాణీగారే అనుకో" అంది.

"రాణీగారే కఫీలైతే ఇంక భయమేముంది. పాసుపోర్టు దాచెయ్యదు." ఆ తర్వాత బల్ల తుడుస్తూ, "కాలవ తవ్విన మావాళ్ళకి మాత్రం కఫీలు ఆయనే అయ్యుంటాడు" అంది.

మోరాగ్ నవ్వబోయి ఆగింది.

ఆర్చిబాల్డ్ భార్య ఇసబెల్లా. లాకుల దగ్గర బంగళాలో వాళ్ళకి ఇద్దరు పిల్లలు, పెద్దది జీన్ అనే ఆడపిల్ల, తర్వాత మోరాగ్ ముత్తాత అయిన మగపిల్లాడు. కొన్నేళ్ళకి ఆర్చిబాల్డ్ ఒళ్ళు చెడి, సంసారంతో స్కాట్లండు తిరిగొచ్చేశాడు. జీన్ మాత్రం రాలేదు. ఎక్కడుందని ఎవరడిగినా ఇసబెల్లా ఒకటే చెప్పేది, "ఆయా దగ్గరుంది" అని. ఏటా జీన్ పుట్టినరోజుకి ఒక ఊలు గౌను అల్లేది. ఏటేటా ఒక కొలత పెంచి అల్లేది. పెళ్ళీడు పిల్ల కొలత వచ్చేదాకా అల్లిందట. ఆ గౌన్లు పంపారో లేదో ఎవరికీ తెలియదు. ఇంట్లో వాళ్ళందరూ తరతరాలుగా నమ్మింది ఏమిటంటే, ఓడ ప్రయాణానికి భయపడి పిల్లని ఆయా దగ్గర వదిలేశారని, జీన్ ఇండియాలోనే పెరిగి పెద్దదై, ఎక్కడో పిల్లల్ని కని ఉంటుందని. ఆ పిల్లల పిల్లల కోసమే మోరాగ్ వెతుకుతోంది.

చెప్పడం ఆపి ముసలావిడ సువార్తమ్మ కళ్ళలోకి చూసింది. ఆ చూపుకి సువార్తమ్మ చిన్నప్పుడు "మ్యావ్" అన్న పిల్లలందరి మొహాలూ గుర్తొచ్చాయి.

మర్నాటికి చెట్టులో జీన్ గడి కింద, చుక్కలతో గీసిన కొత్త గడి ఒకటి వెలిసింది. అందులో సువార్తమ్మ పేరు. ఐలా చప్పట్లు కొట్టింది. "సువా ఇల్లు! నా ఇంటి దగ్గరే!"

ఆ పది పదిహేను రోజులూ సువార్తమ్మ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. మోరాగ్ పట్టుపట్టి ఆవిడని అందరితో పాటు భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కూర్చుంది. అప్పుడు ఉప్పు ఎవరు తేవాలో ఎవరికీ తెలియలేదు. సువార్తమ్మ లేవబోతే మోరాగ్ చెయ్యి పట్టుకునేది. కర్స్టీ లేవబోతే సువార్తమ్మ అడ్డుపడేది. ఆఖరికి అందరూ చప్పిడి సూపు తాగారు. ఇంకోరోజు పెద్దావిడ పెట్టెలోంచి చిన్న గాజుగొట్టం తీసి, ఇందులో ఉమ్మితే రక్తసంబంధం తేలుతుంది, సమాధుల పండగయ్యాక చేద్దాం అంది. ఇల్లు తుడిచేవాళ్ళు ఇంట్లో ఉమ్మడమేమిటని సువార్తమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

వీధి చివర బక్కాలా కొట్లో పాలు కొంటూ పెంచలమ్మతో చెప్పేసింది.

"చాల్లే సువార్తక్కా," అని పెంచలమ్మ పెద్దగా నవ్వింది. "పిల్లికండ్లుంటే దొరలైపోతారా? మా ఊర్లో మేకలకు గూడా ఉండాయి పిల్లికండ్లు. అవన్నీ యా దొర బిడ్డలు?"

"నీకు కుళ్ళే."

"కుళ్ళు గాదక్కా. సరే, నువ్వు దొరల బిడ్డవే అనుకో. నీకేం ఒరుగుతాది? ఇల్లు రాసిస్తారా?"

"ఇల్లు కాదే. ఆ చెట్టులో నా గడి ఉంటది. పిల్ల పెద్దయ్యాక ఎప్పుడో ఆ చెట్టు తీసి చూస్తది కదా? 'ఇదెవరు' అని అడగద్దూ? పనిమనిషయితే మర్చిపోద్ది. చుట్టమయితే ఎలా మర్చిపోద్ది చెప్పు?"

పెంచలమ్మ నవ్వు ఆగిపోయింది. ఆవిడ కూడా పక్కవిల్లాలో ఎవరి పిల్లాడినో ఎత్తుకుని వచ్చింది పాలు కొనడానికి. వాడి ముక్కు తుడిచి, "అయితే మంచిదే లే అక్కా" అంది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఆర్చిబాల్డ్ పోయింది స్కాట్లండులో. ఆయన సమాధి మీద పూలు పెట్టొచ్చిన మనిషి మోరాగ్. మరి కాలవ గట్టు మీద ఉన్నదెవరు? రాయి మీద ఏం రాసుందని అడిగింది. రాయి అనేది ఉందనే సువార్తమ్మకి తెలియదు. తనకి తెలిసింది సున్నమే.

సమాధుల పండగ ముందురోజు పొద్దున్నే ఏసోబు కొడవలి పుచ్చుకుని గట్టు మీదికెళ్ళాడు. ఆశ ఫోను పట్టుకుంది. మస్కట్‌లో సోఫా మీద మోరాగ్, పక్కన సువార్తమ్మ, ఆవిడ ఒళ్ళో ఐలా. ఏసోబు కొడవలి వీపుతో గీకుతుంటే సున్నం ఉల్లిపొరల్లా లేస్తోంది.

"మస్కటమ్మా, చూడు, నీలం వచ్చింది!" అంది ఆశ.

"అది మా అమ్మ వేసింది," అంది సువార్తమ్మ. అమ్మ సున్నంలో నీలిమందు కలిపేది. దాని కింద పసుపు తేలిన పొర. అది మా అవ్వదై ఉంటుంది అనుకుంది. దాని కింద ఇంకా పొరలు. ఎవరెవరి చేతులో. ఒక్కో మనిషీ పెచ్చులై గడ్డిలో పడుతుంటే చూడలేక, ఐలా జుట్టు సవరించడం మొదలుపెట్టింది. అడుగున నల్లరాయి తగిలింది. ఏసోబు కాలవనీళ్ళు పోసి కొబ్బరిపీచుతో తోమాడు. అక్షరాల్లో ఇరుక్కున్న సున్నం తెల్లగా అలాగే నిలిచింది. కొత్తగా రాసినంత స్పష్టంగా ఉంది.

ఆశ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. మొదటి మాట పూర్తి కాకముందే మోరాగ్ లేచి నిలబడింది.

జీన్. ఆర్చిబాల్డ్ కెర్, ఇసబెల్లాల కూతురు. వయసు మూడేళ్ళు.

ఫోనులో కాలవ చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఏసోబు తల గోక్కుంటూ ఫోనులోకి తొంగిచూసి, "అక్కా, మరి మన పొట్టిదొరేడీ?" అన్నాడు.

నవ్వొచ్చే మాటే. సువార్తమ్మకి మాత్రం చుట్ట గుర్తొచ్చింది. మూడేళ్ళ పిల్ల. ఇన్ని తరాలూ ఏటా తప్పకుండా ఆ పిల్ల తలదగ్గర చుట్టా బ్రాందీ పెట్టొచ్చారు తన ఇంటి ఆడవాళ్ళు. పిల్లకి ఎవరూ ఒక్క బెల్లం జీడి పెట్టలేదు.

మోరాగ్ మళ్ళీ సోఫాలో కూలబడి, "ఆవిడ అల్లుతూనే ఉంది, అల్లుతూనే ఉంది" అని అదే మాట అంటూ ఏడ్చింది. ఇసబెల్లాకి తెలుసు. ఓడెక్కేముందే తెలుసు. తెలిసే ఏటా కొలత పెంచింది. సువార్తమ్మ లేచి టీ పెట్టింది. ఏడ్చేవాళ్ళకి టీ ఇవ్వడం ఆవిడ డ్యూటీ. పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు మిగతాది ఆవిడకి తనంతట తానే అర్థమైంది. సత్తెమ్మ పిల్లకి పాలిచ్చిన ఆయా. పాలున్నాయంటే ఆవిడకీ ఓ పిల్ల ఉండే ఉంటుంది. ఆ పిల్ల వంశమే తను. దొరపిల్ల వంశం కాదు. దొరలు వెళ్ళిపోయాక ఆ పిల్లేదని ఊళ్ళోవాళ్ళు అడిగితే సత్తెమ్మ కూడా "నా దగ్గరే ఉంది" అనే చెప్పి ఉంటుంది. సముద్రానికి అటు ఇసబెల్లా, ఇటు సత్తెమ్మ, ఒకళ్ళతో ఒకళ్ళు అనుకోకుండానే ఒకే అబద్ధం ఆడారు. ఆయా తన పాలు దొరపిల్లకి ఇచ్చినన్నాళ్ళూ, ఆయా పిల్ల ఎవరి భుజం మీద నిద్రపోయిందో ఏ రాయి మీదా లేదు.

టీ పొంగిపోయింది. పొయ్యి తుడిచింది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ మోరాగ్ ఎవరినీ బల్ల దగ్గరికి పిలవలేదు. పిలవకూడదని కాదు, ఆవిడ గది తలుపు తియ్యలేదు. సువార్తమ్మ అలవాటైన చోట, వంటింట్లో పీట మీద కూర్చుని తినేసింది. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఉప్పు బల్ల మీదికి వెళ్ళింది.

రెండు రోజులకి ఐలా కంప్యూటరు ముందు నిలబడి కేకపెట్టింది. "సువా! నీ ఇల్లేది? నీ ఇల్లు లేదు!"

కర్స్టీ తల వంచుకుంది. సువార్తమ్మ చేతిలో దుమ్ముగుడ్డ ఉంది. తెర దగ్గరికొచ్చి చూసింది. జీన్ గడిలో కొత్తగా చనిపోయిన సంవత్సరం చేరింది. దాని కింద చుక్కల గడి లేదు.

"తుడుస్తుంటే పోయుంటాదమ్మా," అంది. "నాకు పట్టి పట్టి తుడిచే అలవాటు కదా."

గాజుగొట్టం సంగతి ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పెంచలమ్మే ఒకసారి, "ఉమ్మి చూసుకోకపోయినావా అక్కా, ఏమో ఎవరికి తెల్సు" అంది. "రాయి చెప్పేసాక ఉమ్మెందుకే" అంది సువార్తమ్మ. "మేకల్లో కలిసిపోయాను, సంతోషమేనా?" పెంచలమ్మ ఏడుపు మొహం పెట్టింది. ఆ మాట తానే అన్నానని గుర్తొచ్చి.

డిసెంబరులో వెళ్ళిపోయారు. విమానాశ్రయంలో మోరాగ్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, మీ ఆడవాళ్ళు మా పిల్లని ఇంతకాలం చూసుకున్నారు, మాలో ఒక్కరమూ చూసుకోలేదు అంది. పెట్టెలోంచి ఊలు మఫ్లరు తీసి మెడకి చుట్టింది. మస్కట్‌లో ఊలు మఫ్లరు. సువార్తమ్మ చెమటలు కక్కుతూ విప్పకుండా నిలబడింది. ఐలా ఆవిడ భుజం మీద నిద్రపోయి ఉంది. తండ్రి భుజానికి మార్చేటప్పుడు నిద్రలోనే "సువా, మంచినీళ్ళు" అంది. సువార్తమ్మ చేతిసంచిలోంచి సీసా తీసేసరికి వాళ్ళు అద్దాల తలుపు దాటేశారు.

మొదట్లో వారానికోసారి వీడియోలో కనబడేది. "సువా, ఇక్కడ మంచు! బాబోయ్!" అనేది. ఎండాకాలం వచ్చేసరికి సువార్తమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులొచ్చేది. తర్వాత ఒకసారి, తెరలోంచి తేరిపార చూసి, తల్లి చెవిలో ఏదో అడిగింది. తల్లి ఏదో చెప్పింది. పిల్ల మర్యాదగా చెయ్యి ఊపి ఆటకి పరుగెత్తింది. ఆ ఫోను తర్వాత సువార్తమ్మ తనంతట తాను చెయ్యడం మానేసింది.

ఇప్పుడు ఆవిడ డ్యూటీ బహ్లాలో, ఒక ఒమనీ ఇంట్లో. నెలల పిల్లాడు. మఫ్లరు మడిచి వాడి తల కింద పెడుతుంది. మళ్ళీ నవంబరు వచ్చింది. గట్టు మీదికెళ్ళమని ఫోను చేస్తే, ఏసోబు మోకాలి నొప్పని, ఆశ వెళ్ళింది. చేతిలో సున్నం బక్కెట్టు, కుంచె. సమాధి కనబడేలా ఫోనుని గడ్డిలో ఆనించింది. సున్నం వేయడం ఎందుకనే తగువు ఇంటి దగ్గరే మొదలైనట్టుంది. గట్టు మీదికొచ్చాక ఆశ కుంచెని బక్కెట్టులోకి విసిరేసింది.

"దొరా కాదు, చుట్టమూ కాదు. రాయి మీద రాసుంది కదా మస్కటమ్మా, ఎవరో పిల్ల. నాకు ఒక్క పుట్టినరోజుకీ రాలేదు నువ్వు. నా పెళ్ళికి వీడియోలో అక్షింతలేసావు. ఎవరి పిల్లలో, ఎవరి పిల్లలో, ఎప్పుడూ పరాయి పిల్లలేనా నీకు? అసలీ పిల్ల మనకేమవుద్దని ఎయ్యాలి నేను సున్నం?"

పిల్లాడు ఆవిడ భుజం మీద కదిలాడు. జో కొడుతూ, ఫోనులో కనబడుతున్న ఆ చిన్న నల్లరాయి వంక చూస్తూ సువార్తమ్మ అంది:

"ఏమీ అవదే తల్లీ, పేరు మీద పడకుండా చుట్టూ ఎయ్యి, ఈసారి చుట్ట మానేసి నీ చేత్తో నాలుగు జీళ్ళు పెట్టు."